మంచివాడని ఒక ఉత్తరం

ఆ ఊళ్ళో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే, నేనూ మా ఆయనా. మేమిద్దరం పోట్లాడుకుని మాటలు మానేస్తే ఊరు మొత్తం మీద తెలుగన్నదే ఉండేది కాదు. పదకొండేళ్ళ కాపురంలో అలా చాలాసార్లు జరిగింది కాని, పూట గడిచేసరికి ఇద్దరిలో ఎవరికో ఒకరికి నోరు దురద పెట్టేది. ఆ ఏటి వానాకాలంలో మాత్రం తొమ్మిది రోజులు పట్టింది.

ఆయన పాస్టరు, నేను నర్సుని. మిషన్ వాళ్ళు పంపగా ఆ దేశం వచ్చాం. ఆయనకి చర్చి, నాకు దాని పక్కనే రెండు గదుల ఆసుపత్రి. అక్కడివాళ్ళకి మంచీ చెడూ చెప్పడానికి వెళ్తున్నామని ఓడ ఎక్కేటప్పుడు గట్టిగానే నమ్మాను. వెళ్ళి చూస్తే మంచి అక్కడ బోలెడుంది, చెడూ బోలెడుంది. మేం మోసుకెళ్ళిన పెట్టెలో ఏముందో మాత్రం చాలాకాలం విప్పి చూసుకోలేదు.

ఆ భాష మా ఆయన గడగడా మాట్లాడేవారు. ఆయన ప్రసంగం చేస్తుంటే అక్కడి ముసలమ్మలు కళ్ళు ఒత్తుకునేవారు. లిపి మాత్రం ఒంటబట్టలేదు. "ఆ అక్షరాలు చూస్తే కాగితం మీద గొంగళిపురుగులు పాకినట్టుంటుందే" అనేవారు. మందుసీసాల మీద చీటీలు చదవకపోతే రోగుల ప్రాణం మీదికొస్తుంది కనక నేను నేర్చుకున్నాను. అంచేత మా ఇంట్లో మాట ఆయనది, రాత నాది.

రాత అంటే ముఖ్యంగా నడవడిక ఉత్తరాలు. అక్కడ ఉద్యోగానికి, అద్దె ఇంటికి, బడిలో చేర్చుకోవడానికి, దేనికైనా ఒక పెద్దమనిషి రాసిచ్చిన ఉత్తరం ఉండాలి. ఫలానావాణ్ణి నేనెరుగుదును, మంచివాడు అని. తక్కిన పెద్దమనుషులు అడిగినవాడికల్లా రాసి పారేసేవారు, అందుకే వాటినెవరూ చదివేవారు కాదు. మా ఆయన ఉత్తరాలు మాత్రం ఆఫీసుల్లో పైకి చదివించుకుని మరీ వినేవారట. బండివాడికి "గుర్రాన్ని కొట్టడు, మనుషుల్ని అప్పుడప్పుడు కొడతాడు" అని రాయించారు. వాడికి పెద్ద గుర్రపుశాలలో ఉద్యోగం దొరికింది. మంగలికి "కత్తి శుభ్రంగా ఉంచుకుంటాడు, నోరు ఉంచుకోడు" అని. ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. రాసింది పైకి చదివి వినిపించేదాన్ని. ఆయన సంతకం పెట్టేవారు, నేను మిషన్ ముద్ర కొట్టేదాన్ని. ఒక్క ఉత్తరంలోనూ ఒక్క అబద్ధం లేదు. ముక్కుసూటి మనిషితో కాపురం అంత సుఖమేం కాదు గాని, ఆ ఉత్తరాల సంగతిలో మాత్రం నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

వానలు మొదలైన వారంలోనే మా అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వంటామె గొడుగు కింద దాచి తడవకుండా తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆవిడ మా ఇంట్లో ఆరేళ్ళుగా వంట చేస్తోంది. మొగుడు లేడు, ఆరేళ్ళ కూతురుంది. ఆ పిల్ల అంతకు ముందు ఏడు జ్వరమొచ్చి లేచాక ఎడమకాలు ఈడ్చి నడుస్తోంది. కాళ్ళు చచ్చుబడకుండా పిల్లలకి వేసే చుక్కల మందు ఆ పిల్లకి నేనే నా చేత్తో వేశాను. మందు పని చెయ్యలేదు. ఎందుకు పని చెయ్యలేదో రెండు నెలల తర్వాత మాకు మందులు పంపే సర్కారు ఆసుపత్రి మందుల గదికి వెళ్ళినప్పుడు తెలిసింది. మందు చెడిపోకుండా చల్లగా ఉంచే కిరోసిన్ ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల బట్టల బీరువాలా వెచ్చగా ఉంది. దాని కిరోసిన్ అంతా మందుల గది గుమాస్తా అమ్ముకుంటున్నాడు. "వత్తి ఆరిపోయిందమ్మా, ఇప్పుడే చూస్తున్నా" అని నా మొహం మీదే నీళ్ళు నమిలాడు. మా పేటలోనే నలుగురు పిల్లలకి కాళ్ళు పోయాయి. గుమాస్తాని ఉద్యోగంలోంచి ఆపి, విచారణ అన్నారు. అది ఏడాదిగా సాగుతోంది.

అక్క ఉత్తరం అక్క రాసింది కాదు, మా బావ రాశారు. కడుపులో గడ్డ ముదిరిపోయిందనీ, వానాకాలం దాటడం కష్టమన్నారనీ, నిన్ను తలవని రోజు లేదనీ. అడుగున ఒక్క వరస మాత్రం అక్క చేతిరాత. "నీ జడ ఇంకా వంకరగానే ఉందా?"

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నా జడ నేను వేసుకుంటే ఎప్పుడూ ఓ పక్కకి పోయేది. పెళ్ళయి అత్తారింటికి వెళ్తూ కూడా గుమ్మంలో నన్ను ఆపి, జడ విప్పి మళ్ళీ వేసి గాని కారెక్కలేదు అక్క. ఆ ఒక్క వరసా చదువుకుని పొయ్యి దగ్గర పీట మీద కూలబడి ఏడ్చాను. చదవకుండానే వంటామెకి అర్థమైంది. "అక్కేనా?" అంది. తలూపాను. "వెళ్ళిరండి అమ్మగారూ. అయ్యగారిని నేను చూసుకుంటాలే. మొన్నే టీలో ఉప్పేసుకుని తాగారు, అందుకే చూశారా" అని అలమర చూపించింది. డబ్బాలన్నిటికీ కాగితం ముక్కలు అంటించి, వాళ్ళ లిపిలో గుండ్రటి అక్షరాలతో ఉప్పు, చక్కెర, టీ ఆకు అని రాసి పెట్టింది. ఏడుపులోనే నవ్వొచ్చింది. చదవడం రాని మనిషికి చీటీలెందుకని ఆ క్షణాన తట్టలేదు నాకు.

ఆ దేశం దాటి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలంటే అనుమతి చీటీ ఉండాలి. లేకుండా వెళ్తే మళ్ళీ అడుగు పెట్టనివ్వరు. వెళ్తే మా ఆయన దగ్గరికి రాలేను, వెళ్ళకపోతే అక్కని చూడలేను. చీటీ ఇచ్చే ఆఫీసరుకి మేమిద్దరం "రేపటాయన" అని పేరు పెట్టుకున్నాం, ఏం అడిగినా రేపు రమ్మంటాడని. కాళ్ళరిగేలా నాలుగు రోజులు తిరిగాను. అయిదో రోజు రేపటాయన బంట్రోతుని బయటికి పంపి, నాకు కుర్చీ వేయించాడు.

"అమ్మా, డబ్బు మాట ఎత్తకండి. దేవుడి మనుషుల దగ్గర తీసుకుంటే నాకు అన్నం సయించదు" అన్నాడు. "మా తమ్ముడి విచారణ వచ్చే వారం తేలుతుంది. మీ అయ్యగారి ఉత్తరం ఒక్కటుంటే వాడు మళ్ళీ పనిలో చేరతాడు."

"మీ తమ్ముడెవరు?"

"మందుల గది గుమాస్తా."

నేను కుర్చీలోంచి లేచాను. రేపటాయన కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "వాడు చేసింది తప్పే. కాదనను. కాని మా అమ్మ ఏడాది నుంచీ వాడి మొహం చూసి ఒక పూటే తింటోంది. మీకు మీ అక్క ఎలాగో, నాకు మా అమ్మ అలాగ."

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన ఒంటికాలి మీద లేచారు.

"వాడు మంచివాడని నేను రాయాలా? నువ్వు చెప్తున్నావా ఈ మాట? ఆ పిల్లకి మందు వేసిన చెయ్యి నీది కాదూ?"

"నాదే. అందుకే నాకు తెలుసు ఏం అడుగుతున్నానో."

"తెలిసీ అడుగుతున్నావన్నమాట."

"మీకు అక్కలు లేరు. మీకేం తెలుసు?"

"తెలీదు. రాయను."

"మీ నిజాయితీ మీకు బాగానే ఉంటుందండీ. దాని ఖరీదు ఎప్పుడూ ఇంకొకళ్ళే కట్టాలి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చెప్పులేసుకుని వానలోనే బయటికి వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి మాటల్లేవు.

తొమ్మిది రోజులు. ఆ భాషలో మాట్లాడుకునేవాళ్ళం, అదీ వంటామె మధ్యలో ఉంటే, భోజనానికి రమ్మనీ గొడుగు ఎక్కడుందనీ. తెలుగు లేదు. తెలుగులో కలలు వచ్చేవి నాకు. కలలో అక్క పిలిచేది, కూరగాయలమ్మి కేకలేసేది, చిన్నప్పటి పంతులమ్మ తిట్టేది. తిట్లు కూడా ఎంత తియ్యగా ఉండేవో. లేచి చూస్తే కిటికీకి వాన కొడుతుండేది, పక్కన మనిషి గోడవైపు తిరిగి ఉండేవాడు.

"ఇంట్లో మీ భాష వినపడక చెవులు తుప్పు పట్టిపోతున్నాయమ్మా" అంది వంటామె ఓ ఉదయం బియ్యం ఏరుతూ. "ఎవరో ఒకరు తగ్గండి." పిల్ల గడప మీద కూర్చుని బొమ్మకి కట్టు కడుతోంది, బొమ్మ ఎడమకాలికి. నేను చూడనట్టు ఆసుపత్రికి వెళ్ళిపోయాను.

ఆ మధ్యాహ్నం రోగులు లేరు. బల్ల ముందు కూర్చుని, మంచి కాగితం తీసి, నా గుండ్రటి అక్షరాలతో మందుల గది గుమాస్తాకి నడవడిక ఉత్తరం రాశాను. పదకొండేళ్ళుగా ఆయన మాట్లాడే తీరు నాకు కంఠతా వచ్చు. ఇతణ్ణి నేనెరుగుదును, నమ్మదగినవాడు, ఇతని చేతికి మందులు అప్పగించవచ్చు. చివరి మాట దగ్గర చెయ్యి వణికి సిరా కాస్త అలుక్కుంది. చింపేసి మళ్ళీ రాసే ధైర్యం లేదు. రెండోసారి ఆ మాట రాయలేనని తెలుసు.

పోట్లాటకి ముందు దర్జీకి ఒక ఉత్తరం ఆయన చెప్పారు, రాయడం మిగిలిపోయింది. ఆ సంగతి వాడుకున్నాను. ఆయన వసారాలో ప్రసంగానికి కూర్చుని ఉంటే వెళ్ళి కాగితం ముందు పెట్టి, "దర్జీ ఉత్తరం. సంతకం పెట్టండి" అన్నాను. తొమ్మిది రోజుల తర్వాత ఆ ఊళ్ళో పలికిన మొదటి తెలుగు మాట అబద్ధం.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "చదువు."

చదివాను. కాగితం మీద లేనిది. "ఈ దర్జీని నేనెరుగుదును. చెప్పిన రోజుకి ఇవ్వడు గాని, మిగిలిన గుడ్డ అంగుళంతో సహా తిరిగి ఇస్తాడు."

ఆయన కాగితం తన వైపు తిప్పుకుని వరసల కింద వేలు పోనిచ్చారు. "ఇంకోసారి చదువు."

మళ్ళీ చదివాను. ఈసారి "చెప్పిన రోజుకి ఇవ్వడు" అనడానికి బదులు "కాస్త ఆలస్యం చేస్తాడు" అన్నాను. అన్నాక తెలిసింది మాట మారిందని. ఆయన వేలు చివరి వరస మీద, సిరా అలుక్కున్న చోట ఆగింది.

"ఇక్కడ చెయ్యి వణికిందే" అన్నారు.

"కాగితం చెమ్మగిల్లిందండీ. వాన."

"ఊఁ" అన్నారు. వాన వైపు కాసేపు చూశారు. తర్వాత సంతకం పెట్టారు. ముద్ర నేను కొట్టబోతే నా చేతిలోంచి తీసుకుని ఆయనే కొట్టారు.

అనుమతి చీటీ మర్నాడే వచ్చింది. రేపటాయన టీ తెప్పించాడు, అక్కకి ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. బయట కుండపోతగా ఉంటే తన గొడుగు పట్టి బస్సు దాకా నన్ను నడిపించాడు, సగం తడిసిపోయాడు కూడా. అంత మర్యాద ఆ దేశంలో నాకు ఇంకెవరూ చెయ్యలేదు. దుర్మార్గుడని తిట్టుకుందామంటే ఆ తడిసిన భుజం అడ్డొచ్చేది.

ప్రయాణమంతా ఒకే మాట అనుకున్నాను. తప్పు నాది, ఆయనకి తెలియదు, ఆయన చేతికి మట్టంటదు. ఆ ఒక్క మాట పట్టుకుని సముద్రం దాటాను.

అక్క బతికే ఉంది. పదకొండు రోజులు బతికింది. గుమ్మంలో నన్ను చూసి, "వచ్చావుటే వంకర జడా" అంది. ఆ గొంతులో ఆ తెలుగు విని చంటిపిల్లలా ఏడ్చాను. పొద్దస్తమానం మాట్లాడుకున్నాం. ఎప్పుడో చచ్చిపోయిన పిల్లి గురించి, నేను దొంగతనంగా తిన్న బెల్లం గురించి, పెద్దత్త గురక గురించి. నవ్వితే అక్కకి నొప్పి, అయినా నవ్వించమనేది. ఏడో రోజు మంచం మీద నన్ను వెనక్కి తిప్పి కూర్చోబెట్టుకుని జడ వేసింది. మూడు పాయలు తీసి, నాలుగు మెలికలు తిప్పి, చేతులు పడిపోతే, "మిగతాది నువ్వేసుకో. ఇప్పటిదాకా తిన్నగానే వచ్చింది" అంది. ఆ జడ అక్క పోయేదాకా విప్పలేదు నేను. ఆ పదకొండు రోజులూ తిరిగి ఇచ్చెయ్, చేసిందంతా లేకుండా పోతుందని ఈ రోజు ఎవరైనా చెప్పినా, ఇవ్వను. అదే నా బాధ.

నేను తిరిగి వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. మా ఆయన రేవుకి వచ్చారు. చిక్కిపోయారు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నారు. అక్క సంగతి ఉత్తరంలోనే రాశాను కనక ఏమీ అడగలేదు, పెట్టె అందుకున్నారు. బస్సుల దగ్గర ఒకటి ఎక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపి, "ఇది మనవైపు పోదు. ఆ వెనకది" అన్నారు. ఎలా తెలిసిందని నేను అడగలేదు.

బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాం. వంటింటి పొగగొట్టంలోంచి పొగ లేదు.

"వంటామె రాలేదా?"

"వెళ్ళిపోయింది. పిల్లని తీసుకుని వాళ్ళన్న ఊరికి. పది రోజులైంది."

నేను దారి మధ్యలోనే ఆగిపోయాను. గుమాస్తా పనిలో చేరాడనీ, మా ముద్ర ఉన్న ఉత్తరం చూపించాడనీ పేటంతా చెప్పుకున్నారట. వంటామె ఆయన దగ్గరికొచ్చి, నిజమా అని అడిగిందట. ఆయన నిజమేనన్నారట.

"నేను చేశానని చెప్పకపోయారా?" అన్నాను. "నేనే రాశాను. నేనే మిమ్మల్ని మోసం చేశాను. మీకు చదవడం రాదుగా, తెలియక సంతకం పెట్టానని ఒక్క మాట చెప్తే ఆవిడ ఉండేది."

ఆయన పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నారు.

"ఎలా చెప్పను? చదవడం నేర్పిందే ఆవిడ."

దారిలో జనం మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. మా ఆయన వానలకి ముందు నుంచీ నేర్చుకుంటున్నారట. నేను ఆసుపత్రికి వెళ్ళాక రోజూ గంటసేపు, వంటింట్లో, ముందు డబ్బాల మీద చీటీలు, తర్వాత పిల్ల వాచకం. క్రిస్మస్ నాటికి నా చేత రాయించకుండా ఒక ఉత్తరం తనే రాసి చూపించి నన్ను ఆశ్చర్యపరచాలని.

"అయితే ఆ రోజు..."

"కూడబలుక్కుని చదివాను. చివరి వరసకి కాస్త సమయం పట్టింది."

"మరి ఎందుకు పెట్టారండీ? మొదట అడిగితే రాయనన్నారుగా?"

"మళ్ళీ అడిగి ఉన్నా రాయననేవాణ్ణి" అన్నారు. "నువ్వు అడగలేదు. అబద్ధం చెప్పడం రాని మనిషివి, నిలబడి రెండుసార్లు చదివావు. అక్కని చూడటం అంత అవసరమా దీనికి అనుకున్నాను."

మళ్ళీ నడక సాగించాం. ఇంటి గుమ్మంలో దర్జీ కూర్చుని ఉన్నాడు. పక్క ఊళ్ళో కొట్టు పెట్టుకోవడానికి ఉత్తరం కావాలని నెల నుంచీ తిరుగుతున్నాడట. మా ఆయన అతని ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నా ఉత్తరం ఇప్పుడు పనికిరాదయ్యా, ఇంకెవరినైనా అడుగు" అన్నారు. ముద్ర అప్పటికే మిషన్ పెద్దలకి తిప్పి పంపేశారు. ఆ తర్వాత ఆ దేశంలో ఇంకో ఆరేళ్ళున్నాం. ఎవరికీ ఒక్క ఉత్తరం రాయలేదు. ప్రసంగాలు చేసేవారు గాని, మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అనే మాటలు ఆయన నోట మళ్ళీ వినలేదు. గుమాస్తా మాత్రం ఆ ఫ్రిజ్ మళ్ళీ ఎప్పుడూ ఆరనివ్వలేదని విన్నాను. వెళ్ళి తలుపు తీసి చూసే మొహం నాకు లేకపోయింది.

వంటామె కోసం వాళ్ళన్న ఊరికి రెండుసార్లు వెళ్ళాను. ఇంట్లో లేదన్నారు. రెండోసారి లోపల్నుంచి కాలు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు వినిపించింది. గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆ రోజు సాయంత్రం, నేను రేవు నుంచి వచ్చిన రోజున, వంటింట్లో పీట మీద కూర్చుండిపోయాను. పొయ్యి శుభ్రంగా తుడిచి ఉంది. డబ్బాలు వరసగా ఉన్నాయి, గుండ్రటి అక్షరాల చీటీలు అలాగే అంటుకుని ఉన్నాయి. మా ఆయన వచ్చి పొయ్యి వెలిగించారు, నీళ్ళు పెట్టారు. అలమర ముందు నిలబడి ఒక్కో చీటీ పెదవులు కదుపుతూ చదువుకుని, ఒక డబ్బా దించారు.

"తాగు" అని గ్లాసు ఇచ్చారు. "అక్క చివర్లో ఏమంది?"

"జడ తిన్నగానే ఉందంది."

టీలో చక్కెర సరిగ్గానే పడింది.